నేలిదా రక్తం మీద గీసిన గీత

అధ్యక్షత వహిస్తున్న డాక్టర్ ఒఫేలియా స్లైమన్ గారికి, ఈ ఎండలో బస్సు దిగి నడిచివచ్చిన పెద్దలకి, పై అంతస్తులో పని మధ్యలో ఆపి వచ్చిన మిత్రులకి, వాళ్ళ ఇంటివాళ్ళకి, మొదటి వరుసలో కూర్చున్న నేలిదా అక్క, మా వదిన ఇర్మాకి నా నమస్కారాలు.

డిసెంబరు నెలలో, మన నడివేసవిలో, మధ్యాహ్నం రెండు గంటలకి, తుకుమాన్ ఊరంతా తలుపులు వేసుకుని కునుకు తీస్తున్న వేళ ఒక మనిషి ఉపన్యాసం వినడానికి ఇంతమంది వచ్చారంటే, ఆ మనిషి మీద ప్రేమైనా ఉండాలి, తర్వాత పెట్టే ఎంపనాడాల మీద ప్రేమైనా ఉండాలి. (నవ్వులు) ఉబాల్దో, నువ్వు నవ్వకు. గేటు వదిలేసి ముందే వచ్చి వంటగది పక్క కుర్చీ పట్టుకున్నావు. నేను చూశాను.

నాకు మాట్లాడటం రాదు. మా ఇంట్లో ఆ పని నా భార్య నేలిదా చూసుకునేది. అందుకని కాగితం మీద రాసుకొచ్చాను.

డాక్టర్ గారు ఇందాక నా గురించి చెప్పినవన్నీ విన్నాను. ముప్పై రెండేళ్ళ పని, ఒక్క తప్పు లేదు అన్నారు. ఆ మాటే ఇత్తడి ఫలకం మీద చెక్కించారు. అదిగో, బల్ల మీద ఎర్రగుడ్డ కింద ఉంది. గుడ్డ తియ్యకముందే నన్ను మాట్లాడనివ్వండి అని అడిగాను. ఎందుకని వారు అడగలేదు. ఇప్పుడు చెప్తాను.

తప్పు ఉంది. పద్నాలుగు నెలల తప్పు. నా భార్య రక్తంలో జబ్బు మొదలైంది. నా మిషన్ దాన్ని చూపించింది. చూపించిన ప్రతిసారీ నేను చెరిపేశాను. ఆ పద్నాలుగు నెలల్లో మనం పరీక్షించిన నూట ఎనభై ఆరుమంది రోగుల లెక్కలు కూడా దాంతోపాటే చెడిపోయాయి. వాటిని వెనక్కి తీసుకోండని అడగడానికే ఇవాళ ఇక్కడ నిలబడ్డాను. వీడ్కోలు ఆ తర్వాతి సంగతి.



వదినా, నీకు ముందుగా ఇంట్లో చెప్పాల్సింది. మూడుసార్లు వచ్చాను. మూడుసార్లూ నువ్వు లోక్రో వడ్డించావు. తిని వెళ్ళిపోయాను.

ఇంటివాళ్ళ కోసం కొంచెం వివరంగా చెప్పాలి. మిగతావాళ్ళు ఓపిక పట్టండి. మన పని చాగాస్ జబ్బు మీద. మట్టిగోడల్లో ఉండే పురుగు కుడితే వచ్చే జబ్బు. ఇరవై ఏళ్ళు ఊరుకుని తర్వాత గుండెని పట్టుకుంటుంది. అది పట్టిన మనిషి రక్తంలో కాపలా కణాలు ఎలా మారుతున్నాయో, మందు వేశాక మళ్ళీ ఎలా ఉంటున్నాయో చూడటం మన పని. అందుకు మా గదిలో ఒక మిషన్ ఉంది. కణాలకి రంగులు అంటించి ఇస్తే, అది వాటిని వెంట్రుక కన్నా సన్నటి ధారలో వరసగా పంపిస్తుంది. ఉబాల్దో గేట్లోంచి ఒక్కొక్కళ్ళనే పంపినట్టు. ఒక్కో కణం లేజర్ వెలుగు ముందునుంచి దాటుతుంది. దాటినప్పుడల్లా తెర మీద ఒక చుక్క పడుతుంది. ఒక రకం కణాలది ఆకుపచ్చ, ఇంకో రకానిది ఎరుపు. ఒకే చుక్కలో రెండు రంగులూ ఉంటే, రెండు కణాలు అంటుకుని ఒకేసారి దూరాయని అర్థం. దాదాపు ఎప్పుడూ అంతే. అలాంటివాటిని లెక్కలోంచి తీసెయ్యడానికి తెర మీద ఒక గీత గీస్తాం. అది గీసేది మిషన్ కాదు, మనిషి. ఈ సంస్థలో ఆ మనిషిని నేనే.

రోగి రక్తం చూస్తే సరిపోదు. పక్కన పోల్చడానికి ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తం కావాలి. దాన్ని కంట్రోల్ అంటాం. మన దగ్గర కంట్రోల్ అంటే మన ఒంట్లో రక్తమే, మీకు తెలుసు. ఫ్రిజ్ తలుపు మీద పేర్ల పట్టీ ఉండేది. పొద్దున్నే ఆ పేరుగలవాళ్ళు వచ్చి ఒక గొట్టం రక్తం ఇచ్చి, మూలమీది బేకరీ నుంచి తెచ్చిన మెదియలూనాలు రెండు తిని, పెరట్లో మాతే తాగి పనికి పోయేవాళ్ళు. ఉబాల్దో వంతు వచ్చినరోజు నాకింకా గుర్తుంది.

"డాన్ ఫెర్మీన్, నిన్న తాగింది మీ మిషన్లో కనిపిస్తుందా?"

"కనిపిస్తుంది."

"ఏ రంగులో?"

(నవ్వులు)

ఆ పట్టీ మెల్లగా చిక్కిపోయింది. ఒకరికి జలుబు, ఒకరు దురద మాత్రలు వేసుకుంటున్నారు, ఒకరు నీళ్ళోసుకున్నారు, ఒకరికి సూది చూస్తే కళ్ళు తిరుగుతాయి. చివరికి నేలిదా మిగిలింది. ఆమెకి జలుబు చెయ్యదు. నరం తడమగానే దొరుకుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఆమె లెక్కలు మారవు. పంతొమ్మిదేళ్ళు ఆమె కణాలు తెర మీద ఒకే చోట, ఒకే ఆకారంలో కూర్చున్నాయి. పొద్దున్నే వచ్చి అదే కుర్చీలో కూర్చునే మనిషిలాగా.

మిషన్ని సరిచేసుకోవడానికి విదేశీ కంపెనీ ప్లాస్టిక్ పూసలు పంపుతుంది. వాటి వెలుగు మారదు కాబట్టి, వాటిని పెట్టి మిషన్ కన్ను దిద్దుకోవాలి. ఆ పూసలు రేవులో కాగితాల కోసం ఐదు నెలలు, ఆరు నెలలు పడి ఉండేవి. వచ్చేసరికి గడువు దాటేది. అందుకని నేను నేలిదాతో మిషన్ దిద్దడం మొదలుపెట్టాను. ఆమె చుక్కలు ఎప్పటి చోట పడేదాకా మరలు తిప్పడం, పడగానే రోగుల గొట్టాలు పెట్టడం. పూసల కన్నా ఇదే నయం అని కోర్దోబాలో జరిగిన సమావేశంలో గొప్పగా చెప్పాను కూడా. చప్పట్లు కొట్టారు. మీలో కొంతమంది అక్కడే ఉన్నారు.

కొలబద్దే మారితే ఎవరికి తెలుస్తుందని నన్ను ఎవరూ అడగలేదు. నన్ను నేను కూడా అడగలేదు.

అంతకుముందు సంగతి ఒకటి చెప్పాలి. మిషన్ రాకముందు మేం కణాలని కంటితో లెక్కపెట్టేవాళ్ళం. మైక్రోస్కోపు కింద గాజుపలక, దాని మీద గళ్ళు. నేను చేరిన రెండో రోజు పక్క బల్ల నుంచి ఒక అమ్మాయి, తల ఎత్తకుండానే, "ఆ గీత మీదున్నదాన్ని రెండుసార్లు లెక్కపెట్టారు" అంది.

"మీకెలా తెలుసు? మీ కన్ను మీ గాజులో ఉంది కదా" అన్నాను.

"మీ వేలు కౌంటర్ మీద రెండుసార్లు టక్కుమంది. పై గీత, ఎడమ గీత మీదున్నవి మన గడివి. కింది గీత, కుడి గీత మీదున్నవి పక్క గడివి. ఇంజనీరింగ్ చదివినవాళ్ళకి ఇది కష్టమేమో."

నేను చదివింది రసాయనశాస్త్రం. అది చెప్పడానికి ఆమెని కాఫీకి పిలిచాను. ఎనిమిది నెలల్లో పెళ్ళయింది. (నవ్వులు) ఇంటికీ పనికీ కలిపి ముప్పై ఏళ్ళకి పైగా ఆమె పక్క బల్లే.

ఇక తప్పు.

పోయిన ఏడాది కాదు, అంతకుముందటి ఏడాది మార్చి. నేలిదా రక్తంలో రెండు రంగుల చుక్కలు కనిపించాయి. రెండువందలకి ఒకటి. ఆరోజు రంగులు కలిపింది ఆమే.

"నేలీ, సరిగ్గా కలపడం లేదు. కణాలు అంటుకుంటున్నాయి."

"ఇన్నేళ్ళ నుంచి కలుపుతున్నాను. ఇవాళ గుర్తొచ్చిందా నాకు కలపడం రాదని?"

"ఇంకోసారి వడగట్టు."

"ముందు నీ కళ్ళద్దాలు తుడుచుకో, ముసలాడా."

వడగట్టింది. చుక్కలు పోలేదు. నేను గీతని కాస్త జరిపాను. చుక్కలు గీత అవతల పడ్డాయి. పుస్తకంలో రాశాను: కంట్రోల్‌లో కణాలు అంటుకున్నాయి, రెండుసార్లు వడగట్టాం, గీత జరిపాం. కింద నా సంతకం. మన నియమం ప్రకారం ప్రతి పేజీకీ రెండో సంతకం ఉండాలి. అది ఆమెది.

ఆగస్టుకి నలభైకి ఒకటి అయ్యాయి. ఏడాది చివరికి పదిహేనుకి ఒకటి. ఎరుపు కూడా మసకబారింది. రంగు సీసా పాతబడింది అనుకున్నాను. మిషన్లో ఎరుపు పెంచాను. ఆమె చుక్కలు మళ్ళీ పాత చోటికి వచ్చాయి. నాకు తృప్తిగా ఉంది. ఆ పెంచిన ఎరుపుతోనే ఆవేళ రోగుల రక్తం కూడా కొలిచాను. వాళ్ళ లెక్కలన్నీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపించాయి.

అప్పుడు మా గదిలోనే పనిచేస్తున్న ఒకమ్మాయి కనిపెట్టింది. ఆ ఆగస్టులోనే. మికాయెలా, ఎక్కడున్నావు? సరే, కూర్చో, లేవక్కర్లేదు. పెరట్లో అందరం మాతే తాగుతున్నాం. మికాయెలా అడిగింది: "డాన్ ఫెర్మీన్, రెండు కణాలు అంటుకుంటే చుక్క పెద్దదిగా ఉండాలి కదా. ఇవి ఒంటి కణం సైజులోనే ఉన్నట్టున్నాయి. ఒకసారి చూద్దామా?"

నేను అందరి ముందూ అన్నాను: "నువ్వు పలక మీద పిల్లి బొమ్మలు గీసేనాటికే నేను ఈ గీతలు గీస్తున్నానమ్మా. పెద్ద చుక్కేదో చిన్న చుక్కేదో నాకు నేర్పకు." ఎవరో నవ్వారు. నేలిదా నవ్వలేదు.

వారం తిరక్కుండా మికాయెలా మైక్రోస్కోపు గదికి మార్చమని ఉత్తరం రాసింది. కారణం: కంటికి లేజర్ పడటం లేదు. లేజర్ పెట్టెలోపల ఉంటుంది, అది ఎవరి కంటికీ తగలదు. డాక్టర్ గారు సంతకం చేశారు. నేనూ చేశాను.

మికాయెలా, నువ్వు అడిగిన పరీక్షకి రెండు నిమిషాలు పడుతుంది. సైజు చూడాలి, అంతే. నాకు తెలియక కాదు. ఆ పరీక్ష ఈ సంస్థలో నేర్పించేది నేనే. క్షమించమని అడుగుతున్నాను. ఆవేళ నా మాట విన్నవాళ్ళందరూ ఇక్కడే ఉన్నారు కాబట్టి, వాళ్ళ ముందే అడుగుతున్నాను.



ఎందుకు చూడలేదని ఏడాదిన్నరగా నన్ను నేను అడుగుతున్నాను. రంగు తప్పు కావచ్చు, సీసా తప్పు కావచ్చు, మిషన్ తప్పు కావచ్చు, ఆమె చెయ్యి తప్పు కావచ్చు, ఇన్ని ఒప్పుకున్నాను. ఆమె రక్తం తప్పు కావచ్చని మాత్రం నాకు తోచలేదు. అంతకన్నా మంచి జవాబు దొరకలేదు.

ఆ ఆగస్టు చలికాలానికి ముందే ఆమె మెట్ల దగ్గర ఆగడం మొదలుపెట్టింది. "ఈ మెట్లు పెరుగుతున్నాయయ్యా" అనేది. "మెట్లు అవే" అనేవాణ్ణి. పోయిన ఏడాది మే నెలలో మెడ కింద గడ్డ తగిలింది. ఆసుపత్రికి వెళ్ళాం. వారానికి నివేదిక ఇచ్చారు. వరండాలో నిలబడి చదివాను. రెండు రంగులూ ఉన్న కణాలు అని రాసి ఉంది. అంటుకున్నవి కావు. ఎర్ర జాతి కణమే చెడిపోయి ఆకుపచ్చని కూడా తొడుక్కుంటుంది. ఆ రకం రక్త కేన్సర్ గుర్తు అదే.

ఆమెని ఇంట్లో దింపి ఇక్కడికి వచ్చాను. మధ్యాహ్నం, అందరూ కునుకు కోసం ఇళ్ళకి పోయిన వేళ. పాత ఫైళ్ళు తెరిచాను. మార్చి నుంచి ఒక్కోదానికీ సైజు పరీక్ష చేశాను. ఒక్కోదానికి రెండు నిమిషాలు. అన్నీ ఒంటి కణాలే. మీరు కునుకు ముగించి వచ్చేసరికి నేను కిటికీ తుడుస్తున్నాను. ఉబాల్దో అడిగాడు, "ఏంటి డాన్ ఫెర్మీన్, ఇవాళ శుభ్రత?" అని. ఏం చెప్పానో గుర్తులేదు.

ఆ జబ్బు నిదానంగా నడిచే రకమేనని ఆసుపత్రి డాక్టరు చెప్పాడు. ముందే తెలిసినా మందు ఇచ్చేవాళ్ళం కాము, కనిపెట్టుకుని ఉండేవాళ్ళం, అంతే, అన్నాడు. మంచివాడు. నన్ను ఓదార్చడానికి అన్నాడు, అది అబద్ధం కూడా కాదు. కానీ ఆ నడక ఒకరోజు పరుగైంది. కనిపెట్టుకుని ఉన్నవాళ్ళకి అది ఆ నెలలోనే తెలిసేది. మాకు గడ్డ తగిలాక తెలిసింది. ఆగస్టు పదకొండున పోయింది.

ఆ తర్వాత పదహారు నెలలు నేను నోరు మూసుకుని ఇదే గదిలో పనిచేశాను. మన వ్యాసం అచ్చయింది. నా పేరు మూడోది. ప్రతి సోమవారం చెప్దామనుకునేవాణ్ణి.

ఆ వ్యాసంలోని నూట ఎనభై ఆరుమందిలో పదకొండుమందికి మన సంస్థ నుంచి ఉత్తరాలు వెళ్ళాయి. మందు పనిచేసింది, మీ కణాలు ఆరోగ్యవంతుల కణాల్లాగే ఉన్నాయి అని. ఆ ఆరోగ్యవంతురాలు నేలిదా.

వాళ్ళలో సిమోకా దగ్గరి పల్లెనుంచి వచ్చే దోన్యా ఎర్మెలిందా ఒకావిడ. ఉత్తరం అందగానే మేకపాల జున్ను గుడ్డలో కట్టుకుని వచ్చింది. "గుండె డాక్టరు దగ్గరికి ఇంక పోనక్కర్లేదుగా నాయనా? ఆ బస్సులో నడుం విరుగుతోంది" అంది. అక్కర్లేదన్నాను. అప్పుడు నాకు తెలియదు. తెలిశాక కూడా వెళ్ళి చెప్పలేదు. పోయిన వారం వెళ్ళాను. కోళ్ళకి మేత వేస్తోంది. ఉత్తరంలో లెక్క తప్పు, పోల్చిన మనిషికే ఒంట్లో బాగాలేదు, మీరు మళ్ళీ గుండె చూపించుకోవాలి అని చెప్పాను. ఆవిడ కోపం తెచ్చుకోలేదు. మేత గిన్నె కింద పెట్టి అడిగింది:

"మరి ఆ మనిషి ఇప్పుడు ఎలా ఉంది?"

పోయింది అన్నాను. ఆవిడ శిలువ గుర్తు వేసుకుని నాకు కుర్చీ తెచ్చి వేసింది.

డాక్టర్ గారూ, నేను అడిగేది ఇది. వ్యాసం వెనక్కి తీసుకోవాలి. మిగిలిన పదిమందికి ఈ నెలలోనే కబురు పంపాలి. నూట ఎనభై ఆరుమంది కణాలూ ఇంకా చలిపెట్టెలో ఉన్నాయి. పూసలు వచ్చాయి, గడువు దాటలేదు. మళ్ళీ కొలవాలి. కంట్రోల్‌కి పదిమంది కావాలి, ఒక్కళ్ళు చాలరు. గీత నేను గీయకూడదు.

(అధ్యక్షస్థానం నుంచి: "ఫెర్మీన్, ఇది నా గదిలో కూర్చుని మాట్లాడుకుందాం.")

గదిలో మాట్లాడుకుంటే గదిలోనే ఉండిపోతుంది డాక్టర్. పాతికేళ్ళుగా మనం అక్కడ చాలా మాట్లాడుకున్నాం. ఆ వ్యాసంలో మొదటి పేరు మీది. మీకు ఎంత నష్టమో నాకు తెలుసు. మీరు నన్ను నమ్మి నా అంకెలు వేశారు. మీ తప్పు లేదని నా ఉత్తరంలో రాశాను, అది మీ బల్ల మీద ఉంది.

(అధ్యక్షస్థానం నుంచి: "ఎన్ని నెలల పని?")

అది నన్ను అడగకూడదు.

(వెనక వరుసలోంచి మికాయెలా: "మూడు నెలలు. డాన్ ఫెర్మీన్ ఆ గదిలోకి రాకుండా ఉంటే." నవ్వులు)

రానమ్మా.

ఆ ఎర్రగుడ్డ తియ్యకండి. ఫలకం చెక్కినతను వెనక వైపు ఇంకా నున్నగానే ఉందని చెప్పాడు. మీకు దేనికైనా పనికొస్తుంది.

కృతజ్ఞతలు చెప్పాల్సినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆసుపత్రిలో నాకు బదులు కూర్చున్నవాళ్ళు, నేలిదా పోయాక నెలరోజులు నా బల్ల మీద ఎవరికీ చెప్పకుండా తిండి పెట్టి వెళ్ళినవాళ్ళు. అదెవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఉప్పు ఎక్కువ వేసేవాళ్ళు. (నవ్వులు) ఆ ఉప్పు నాకు మేలు చేసింది.

ఇంకొకటి మిగిలింది. అది సంస్థ సంగతి కాదు. ఇర్మా వదినకి చెప్పాల్సింది.

వదినా, జూన్ నెలలో ఒక మధ్యాహ్నం. ఆసుపత్రి గదిలో నువ్వు కిటికీ దగ్గర నారింజ వలుస్తున్నావు. నేలిదా నన్ను అడిగింది: "ఏమయ్యా, రోజూ నా రక్తం మిషన్లో చూశావు కదా. నీకేం కనపడలేదా?"

"లేదు" అన్నాను.

"పోన్లే" అంది. "కనపడి ఉంటే నీకు మతిపోయేది."

నువ్వు ఆమె చేతిలో నారింజ తొన పెట్టావు. నా మాట నమ్మావు. ఆమె నమ్మిందో లేదో నాకు తెలియదు. పద్నాలుగు నెలలు ఆ తెర ఆమె కూడా చూసింది.

గీత జరపడం పొరపాటు. దానికి వంద కారణాలు చెప్పగలను, ఇందాకటి నుంచీ చెప్తూనే ఉన్నాను. లేదు అన్నది పొరపాటు కాదు. అప్పటికి ఫైళ్ళు తెరిచి పదిహేను రోజులైంది. ఆ తర్వాత ఆమె ఎనిమిది వారాలు బతికింది. ఏ రోజైనా చెప్పి ఉండొచ్చు. రోజూ పక్కనే ఉన్నాను.

(మొదటి వరుసలోంచి ఇర్మా: "చాలు ఫెర్మీన్. వచ్చి కూర్చో.")

ఒక్క మాట ఉంది వదినా.

ఇంత ఎండలో వచ్చి, లేచిపోకుండా విన్నారు. మీ అందరికీ కృతజ్ఞుణ్ణి. మీకన్నా ముందు వినాల్సిన ఒక మనిషి ఉండేది. ఆమెకి చెప్పలేదు.

సెలవు.